బొంతలకు పేరు పట్టీ: ఇంకు నిలవట్లేదు, ఏ మూల కుట్టాలో తేలట్లేదు

నాలుగు_బొంతలు, మల్కాజిగిరి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. ట్రంకు పెట్టెలో ఆవిడ నూలు చీరలు ఇరవై మూడు మిగిలాయి. వెంకటగిరివి, మంగళగిరివి, రెండు నారాయణపేటవి. చాలావరకు ఎంత మెత్తబడిపోయాయంటే కట్టుకుంటే కుచ్చిళ్ళ దగ్గరే చిరుగుతాయి, కానీ పారెయ్యాలంటే ఎవరికీ చెయ్యి రాలేదు. మనవలం నలుగురం. తలా ఒక బొంత చేయిద్దామని నేనే ముందుపడ్డాను. ఏ చీర పైకి రావాలి, ఏ అంచు చుట్టూ తిరగాలి అన్నది నేనూ అమ్మా హాల్లో చాప మీద పరిచి చూసుకున్నాం. కుట్టేది మాత్రం మా వీధి చివర ఉండే ఒకావిడ. అరవై దాటాయి, ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. ఒక్కో బొంతకు పది పన్నెండు రోజులు పడుతోంది.

బొంతలు బాగానే వస్తున్నాయి. నన్ను ఏడిపిస్తున్నది వాటి వెనక కుట్టాలనుకున్న చిన్న గుడ్డముక్క. అమ్మమ్మ పేరు, ఊరు, సంవత్సరం, ఎవరికి ఇస్తున్నామో రాసి ఒక పట్టీ కుట్టాలి, తెలుగులోనే. అంతే. దీనికి ఇప్పటికి మూడుసార్లు దెబ్బతిన్నాను.

మొదటిసారి తెల్ల లైనింగ్ గుడ్డ మీద ఇంట్లో ఉన్న సీడీ మార్కర్‌తో రాశాను. రాసినప్పుడు ముత్యాల్లా వచ్చింది. రెండు ఉతుకులకు అక్షరాల చుట్టూ ఊదారంగు మేఘం కమ్మింది. రెండోసారి బ్లౌజులకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే షాపుకి పోయాను. ఇంగ్లీషులో అయితే అరగంటలో ఇస్తామన్నారు, తెలుగు అనేసరికి మూడు రోజులు తిప్పి, చివరికి వత్తులన్నీ కలిసిపోయి దారపు ఉండల్లా ఉన్న ముక్క చేతిలో పెట్టారు. అమ్మమ్మ పేరులో లక్ష్మి ఉంది, ఆ క్ష్మి చూస్తే మీకే నవ్వొస్తుంది. మూడోసారి ఆన్‌లైన్‌లో నేసిన లేబుళ్ళు చేసేవాళ్ళని అడిగితే ఐదు వందలకు తక్కువ చెయ్యమన్నారు. నాకు కావాల్సింది నాలుగు. మిగతా నాలుగు వందల తొంభై ఆరు ఏం చేసుకోను?

ఇక అసలు టెన్షన్ వేరే. ఇదంతా చూసి అమ్మ నిన్న ఒక మాట అంది: "బొంత కాళ్ళ మీద కప్పుకునేది, ఆవిడ పేరు కాళ్ళ కింద పడేస్తావా?" ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా వెనకవైపు కింది మూల కుట్టమనే ఉంది. కింది మూల అంటే కాళ్ళే కదా.

కాబట్టి ఏ ఇంకు, ఏ గుడ్డ, తెలుగు అక్షరాలు ఎలా, ఏ మూల. తెలిసింది తెలిసినట్టు చెప్పండి.

కోఠి_కుట్లు

ముందు ఇంకు సంగతి. సీడీ మార్కర్‌లో రంగు స్పిరిట్ లాంటి ద్రవంలో కరిగి ఉంటుంది. నూలు మీద పెడితే వత్తి నూనె పీల్చినట్టు పోగు వెంట పాకుతుంది. ఉతక్కపోయినా కొన్నేళ్ళకు అంచులు పసుపెక్కుతాయి. పెన్ను మీద పర్మనెంట్ అని ఉంటే అది ప్లాస్టిక్‌కు, గాజుకు వర్తిస్తుంది, గుడ్డకు కాదు. బాల్ పెన్ను, జెల్ పెన్ను కూడా వద్దు.

మీకు కావాల్సింది పిగ్మెంట్ ఇంకు. ఇందులో రంగు కరగదు, సన్నటి పొడిగా ఉండి పోగుల మధ్య కూర్చుంటుంది, అందుకే నీళ్ళకు పాకదు. బొమ్మలేసేవాళ్ళు వాడే పిగ్మా మైక్రాన్ పెన్నులు తెలుసు కదా, క్విల్టులు (మన బొంతల్లాంటివే) కుట్టేవాళ్ళు ఎక్కువగా లేబుళ్ళకు వాడేది అవే. 05 అని రాసి ఉన్నది తీసుకోండి, గీత 0.45 మిల్లీమీటర్లు వస్తుంది. 01 అయితే 0.25, చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది గానీ గుడ్డ మీద మొన పోగుల్లో ఇరుక్కుని పాడవుతుంది. ఆర్ట్ సామాన్లు అమ్మే షాపుల్లో విడిగా ఒక్కటి కూడా ఇస్తారు. గుడ్డల కోసమే వచ్చే ఫాబ్రిక్ మార్కర్లు కూడా పర్వాలేదు, మొన లావు, అంతే తేడా.

గుడ్డ విషయంలో లైనింగ్ వద్దు, నేత పల్చన. దగ్గరి నేత ఉన్న కేంబ్రిక్ గానీ పాప్లిన్ గానీ, నూటికి నూరు శాతం నూలుది, తెల్లది కాకపోతే లేత గోధుమ రంగుది తీసుకోండి. జనరల్ బజార్‌లోనో సుల్తాన్ బజార్‌లోనో అర మీటరు కొంటే నలభై బొంతలకు వస్తుంది. తెచ్చాక వేడినీళ్ళలో సబ్బు వేసి ఉతకండి, ఇది చాలామంది వదిలేస్తారు. కొత్త గుడ్డకు గంజి పట్టి ఉంటుంది, దాని మీద రాస్తే ఇంకు గంజికి అంటుకుంటుంది, గంజితోపాటే పోతుంది. పైగా ముందే కుంచించుకుపోతే తర్వాత బొంత మీద ముడతలు పడదు.

రాసేటప్పుడు గుడ్డ జారిపోకుండా వెనక పేస్టింగ్ అంటించండి, టైలరింగ్ మెటీరియల్ షాపుల్లో కాలర్లకు అమ్మేదే, పల్చటి రకం అడగండి. మెల్లగా, ఒత్తకుండా రాయండి, ఒకేచోట పెన్ను ఆపకండి. రాశాక ఒక రోజంతా వదిలేసి, ఆ తర్వాత పైన పల్చటి గుడ్డ కప్పి నూలు వేడి మీద పొడి ఇస్త్రీ చెయ్యండి, ఆవిరి వద్దు. ఎప్పుడైనా సరే ఒక ముక్క అదనంగా రాసి మీ ఇంటి మామూలు బట్టలతో ఐదారుసార్లు వేసి చూశాకే అసలు దాని మీద చెయ్యి పెట్టండి.

ఇంకొక్క మాట, నవ్వకండి. నేనొకసారి ఇస్త్రీ పెడితే మాయమయ్యే పెన్ను ఉంటుంది కదా, కటింగ్ గీతలకు వాడేది, చూసుకోకుండా దాంతో పేరు రాసి, ఇంకు గట్టిపడాలని శ్రద్ధగా ఇస్త్రీ చేశాను. తెల్లగుడ్డ తెల్లగా నన్ను చూసింది.

పాత_అల్వాల్

ఎవరూ అనుకోకపోతే ఒక మాట. బొంతకు పేరెందుకండీ? మా నాయనమ్మ యాభై బొంతలు కుట్టి ఉంటుంది, ఒక్కదాని మీద కూడా తన పేరు లేదు, మేమెవరమూ ఆమెను మర్చిపోలేదు. ఇది అమెరికావాళ్ళ సోకు. చిరిగితే ఇంకో పొర వేసి కుట్టేది, పూర్తిగా పోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది, దానికి లేబులేంటి.

స్టీలు_గిన్నె, చిక్కడపల్లి

అల్వాల్ గారూ, మీ ఇంట్లో స్టీలు గిన్నెలు ఒకసారి తిరగేసి చూడండి. అడుగునో అంచునో చుక్కల అక్షరాలతో పేరు లేని గిన్నె ఉంటే చెప్పండి. గృహప్రవేశానికి ఇచ్చిన పళ్ళెం మీద పేరు కొట్టిస్తాం, చెంచా మీద కూడా కొట్టిస్తాం, పక్కింటికి కూర పంపితే గిన్నె తిరిగి రావాలని కొట్టిస్తాం. ఏ షాపులో కొన్నా ఆ బుర్రుమనే మిషన్ పట్టుకుని ఒకబ్బాయి కూర్చుని ఉంటాడు. అంత పేర్ల పిచ్చి ఉన్నవాళ్ళం, పది రోజులు కూర్చుని కుట్టిన బొంత దగ్గరకొచ్చేసరికి అమెరికా సోకు అయిపోయిందా?

సోకు అనే మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. బెంగాల్‌లో మన బొంతకు చెల్లెలు లాంటిది కాంతా, అదీ పాత చీరల పొరలే, కుట్టు కూడా అదే రన్నింగ్ కుట్టు. కోల్‌కతాలో గురుసదయ్ మ్యూజియం సేకరణలో మానదాసుందరి అనే ఆవిడ కుట్టిన కాంతా ఒకటుంది, పందొమ్మిదో శతాబ్దం నాటిది. అందులో ఆవిడ తన పేరు, అది తండ్రి కోసం కుట్టానన్న సంగతి దారంతోనే రాసుకుంది. ఆవిడ పేరు ఇవాళ మనకు తెలిసింది ఆ దారం వల్లే. అదే కాలంలో అలాంటివి ఎంతమంది కుట్టి ఉంటారు, వాళ్ళెవరు?

మా ఇంటి సంగతే చెప్తాను. మా అత్తగారింట్లో ఒక బొంత ఉంది, లోపలి పొర చిరిగినచోట చూస్తే ఎర్రటి గళ్ళ చీర. అది మా పెద్దత్తగారు కుట్టిందని మామగారు, కాదు వాళ్ళ పిన్ని కుట్టిందని ఆడపడుచు, ప్రతి సంక్రాంతికీ ఈ తగువు ఉంటుంది. తేల్చడానికి ఇద్దరూ లేరు.

ప్రశ్న అడిగినావిడకు నాదీ ఒక ప్రశ్న. మీ పట్టీ మీద చీరలావిడ పేరుంది, పుచ్చుకునేవాళ్ళ పేరుంది. కుట్టినావిడ పేరు ఎక్కడ?

నాలుగు_బొంతలు

అయ్యో. నిజంగా తట్టలేదు. ఆవిడకు డబ్బులిస్తున్నాం కాబట్టి అనుకుని ఉంటాను, లేదా అసలు అనుకోనేలేదు, అదే నిజం. ఇప్పుడు ఇంకో లైను పెరిగింది, అక్షరాలు ఇంకా చిన్నవవుతాయి, ఇంకా కష్టం. కోఠి గారూ, పేస్టింగ్ ఆలోచన బావుంది, రేపే తెస్తాను.

గొలుసు_కుట్టు, సఫిల్‌గూడ

మీకు నాలుగే కావాలంటే ఇంకు, ప్రింటు అన్నీ పక్కన పెట్టి దారంతో చేతికుట్టు వెయ్యండి. నలభై ఏళ్ళ తర్వాత కూడా చదవడానికి మిగిలేది అదే. దారం రంగు పోయినా అక్షరం ఉబ్బి ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది.

తెలుగు అక్షరాలు మిషన్ మీద ఎందుకు చెడతాయో చెప్తాను, పదేళ్ళు బ్లౌజుల మీద పేర్లు వేశాను. ఇంగ్లీషు అక్షరం ఒకే వరసలో కూర్చుంటుంది. మనది మూడంతస్తుల మేడ. పైన తలకట్టు, గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు. క్ష్మిలో అయితే వత్తు పక్కన ఇంకో వత్తు. మొత్తం అరంగుళంలో పెట్టమంటే వత్తు రెండు మిల్లీమీటర్లు కూడా రాదు, అందులో దారం మళ్ళడానికి చోటు లేక ఉండ కడుతుంది. ఆ షాపువాళ్ళు ఇంగ్లీషు కొలతకే తెలుగు పెట్టి ఉంటారు. మిషన్ మీదే చేయించాలంటే అసలు అక్షరమే సెంటీమీటరున్నర ఉండాలి, వత్తులకు కింద విడిగా చోటు వదలాలి.

చేత్తో అయితే కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) వెయ్యండి. మన అక్షరాలు గుండ్రం, కాడ కుట్టు వంపుకు చక్కగా తిరుగుతుంది. వంపు దగ్గర కుట్టు పొడవు సగానికి తగ్గించండి, లేకపోతే సున్నా కాస్తా పలకలు తేలుతుంది. గొలుసు కుట్టు ఇంకా అందం కానీ లావు, పెద్ద అక్షరాలకే. క్రాస్ స్టిచ్ జోలికి పోకండి, అది గళ్ళ లెక్క, 'ఠ' రాస్తే కిటికీలా ఉంటుంది.

ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం తీసుకుని రెండు పోగులు మాత్రం విడదీసి వాడండి. వత్తులకు ఒక్క పోగు. ముదురు ఎరుపు అందరికీ ముద్దొస్తుంది గానీ ముందు ఒక మూర దారం వేడినీళ్ళలో తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి, రంగు దిగితే పట్టీ అంతా గులాబీ అవుతుంది. బొమ్మ దించడానికి పసుపు కార్బన్ పేపరు చాలు. కంప్యూటర్‌లో పెద్దగా టైప్ చేసి, ప్రింటు తీసి, దాని కింద కార్బన్ పెట్టి రాసినట్టే దిద్దండి. లేదా ఇంకా మంచి ఉపాయం, అమ్మమ్మ చేతిరాత ఎక్కడైనా ఉందా? పద్దుల పుస్తకమో, ఉత్తరమో, పచ్చళ్ళ కొలతలు రాసుకున్న కాగితమో. ఆవిడ సంతకాన్నే పెద్దది చేసి జిరాక్స్ తీసి దించండి. ఇక ఫాంటు ఏది బావుంటుందన్న బాధే ఉండదు.

మాటలు తగ్గించండి. "ప్రేమతో సమర్పించిన" లాంటివి రాస్తే వత్తులకే చచ్చిపోతారు. "అమ్మమ్మ చీరలు" అని పేరు, ఊరు, ఏడాది. చాలు.

కుట్టు విషయానికొస్తే, పట్టీ నాలుగు వైపులా పావంగుళం మడిచి హెమ్మింగ్ చెయ్యడం ఒక పద్ధతి. దానికంటే మూల పట్టీ గట్టిది. ఎనిమిదంగుళాల చదరపు ముక్కను మూల నుంచి మూలకు మడిస్తే త్రికోణం వస్తుంది కదా, మడత వైపు వాలుగా పేరు కుట్టుకుని, మిగతా రెండు వైపులూ బొంత మూలలో అంచు కిందకి పోనిచ్చి అంచుతోపాటే కుట్టెయ్యండి. మీరు హెమ్మింగ్ చెయ్యాల్సింది ఆ మడత ఒక్కటే. పీకితే రాదు. అయితే ఇది అంచు వెయ్యకముందే జరగాలి, కాబట్టి మీకు కుట్టే ఆవిడని కొంచెం ఆపండి.

నెమలికంఠం

కలంకారీ నలుపు వాడొచ్చు కదా? ఉతికినా పోదు, పూర్తిగా మన పద్ధతి. శ్రీకాళహస్తిలో కలంతో రాసేది దాంతోనే.

కోఠి_కుట్లు

ఆలోచన అందంగా ఉంది, కానీ అది పెన్ను తీసి రాసేసే ఇంకు కాదండీ. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాలి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడితే వచ్చే కసిం నీళ్ళతో రాస్తే, అది కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఇనుముతో వచ్చిన నలుపు ఏదైనా కాలం గడిచేకొద్దీ దాని కింది పోగును తింటుంది. 1840ల్లో అమెరికాలో స్నేహితుల సంతకాలతో క్విల్టులు కుట్టడం బాగా నడిచింది, వాటిలో ఇనుము ఉన్న ఇంకులతో రాసిన కొన్నింట్లో ఇప్పుడు అక్షరం ఉన్నచోట చిల్లులున్నాయి. గోడకు వేలాడే బొమ్మకు సరే. నెలకోసారి ఉతికి ఎండలో పిండి ఆరేసే బొంతకు వద్దని నా మాట.

డీటీపీ_బాబాయ్, నారాయణగూడ

కుట్టు నాకు రాదు, అక్షరాలు వచ్చు. ముప్పై ఏళ్ళుగా శుభలేఖలు వేస్తున్నా.

మీరు ఆన్‌లైన్ వాళ్ళకు గానీ ఎంబ్రాయిడరీ షాపుకు గానీ వాట్సాప్‌లో పేరు టైప్ చేసి పంపి ఉంటారు. అక్కడే సగం పోయింది. మీ ఫోన్‌లో ఉన్నది యూనికోడ్, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి. వాళ్ళ దగ్గర పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంటే అది తెలుగు వత్తులను కలపలేదు, క, ష, మ విడివిడిగా పొల్లులతో నిలబడతాయి. మా బోటి పాత సెంటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్లు ఉంటాయి, వాటిలో మీ యూనికోడ్ అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, మళ్ళీ మొదటి నుంచి టైప్ కొట్టాలి, కొట్టేవాడు తొందరలో మీ అమ్మమ్మ ఇంటిపేరు మార్చేస్తాడు. ఎవరికి పంపినా బొమ్మగా పంపండి, లేదా పీడీఎఫ్ చేసి. పేరు ఎలా కనపడాలో ఒక కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. ప్రూఫు చూడకుండా ఊ అనొద్దు.

గుడ్డ మీద ప్రింటు కూడా ఇంట్లోనే తీయొచ్చు, ఫొటో పెట్టాలనుకుంటే ఇదే దారి. ఏ4 సైజు స్టిక్కర్ షీటు, కోతలు లేని రకం, మీద ఉతికి ఇస్త్రీ చేసిన కేంబ్రిక్ అంటించి, అంచులు కత్తెరతో సాఫుగా కోసెయ్యండి. ఒక్క పోగు వేలాడినా ప్రింటర్ దాన్ని పట్టుకుంటుంది. ఒక్కో షీటే పెట్టండి. ఇంక్‌జెట్ మాత్రమే, లేజర్ కాదు, లేజర్‌లో లోపల వేడికి స్టిక్కర్ జిగురు కరిగి మిషన్ పోతుంది, దాని పొడి ఇంకు (టోనర్) కూడా గుడ్డ మీద పైపైనే ఉండి రాలుతుంది. ఇంక్‌జెట్‌లో కూడా ఇంకు డై (నీళ్ళలో కరిగే) రకమా, పిగ్మెంట్ రకమా చూసుకోండి. చాలా ఇళ్ళలో ఉండే ట్యాంకు ప్రింటర్లలో రంగులు డై, కొన్నింట్లో నలుపు మాత్రం పిగ్మెంట్. డై అయితే మొదటి ఉతుకుకే ఫొటో గోదారి.

టీషర్టులకు అంటించే ట్రాన్స్‌ఫర్ పేపరు అంటే తళతళలాడే ప్లాస్టిక్ పొర. మడతల దగ్గర పగుళ్ళిస్తుంది, పడుకుంటే చెంపకు గుచ్చుకుంటుంది.

తలవైపు_మామ్మ

నేను డెబ్బై రెండేళ్ళదాన్ని, మా మనవడు టైపు చేసి పెడుతున్నాడు, తప్పులుంటే వాడివి.

అమ్మా, మీ అమ్మ అన్నది నిజమే. అక్షరం కాలికి తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం మనం, అలాంటిది పోయిన తల్లి పేరు కాళ్ళవైపు ఆవిడ చూడలేదు. దానికి మందు చాలా చిన్నది. పట్టీ తలవైపు కుట్టండి. పాతకాలంలో మా ఇంట్లో బొంతకు ఒక మూల వేరే రంగు పేలిక వేసేవాళ్ళు, అది తలవైపు అని గుర్తు. రాత్రి చీకట్లో కాళ్ళు పెట్టిన వైపు మొహానికి రాకుండా. ఆ గుర్తు మూలలోనే పేరు పెట్టండి, రెండూ కలిసొస్తాయి. కింది మూల అని రాసినవాళ్ళు మంచాల మీద అందంగా పరుచుకునేవాళ్ళు, వాళ్ళకు ఏ వైపైనా ఒకటే. మనం మడతపెట్టి దిండు కింద కూడా పెట్టుకుంటాం.

వెనకవైపు కుట్టినా, పరుచుకునే బొంత అయితే పేరు నేలకు రాసుకుంటుంది. కప్పుకునేదా, పరుచుకునేదా ముందు తేల్చుకోండి. పరుచుకునేదైతే పైవైపే, అంచు పక్కన.

ఇంకుల గురించి ఇంత మాట్లాడుతున్నారు, చాకలి గుర్తులు ఎవరూ చెప్పలేదు. నల్లజీడి గింజకు సూదితో పొడిచి, ఆ రసంతో గుడ్డ మూల గుర్తు పెట్టి సున్నం అద్దేవాళ్ళు. గుడ్డ చిరిగేదాకా ఆ మచ్చ పోదు. ఇది విని ఎవరైనా వెళ్ళి గింజలు కొంటారేమో, వద్దు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి, మా అన్నయ్యకు మెడ మీద కాలర్ గుర్తు దగ్గర పుండు పడి నెల రోజులు మానలేదు. పిల్లలు కప్పుకునే దానికి అస్సలు పనికిరాదు.

కుట్టినామె పేరు పెట్టమన్న అమ్మాయి మాట నాకు నచ్చింది. అయితే ఆవిడని అడిగి పెట్టండి.

పాత_అల్వాల్

స్టీలు గిన్నె గారూ, చూశాను. మా ఇంట్లో పెరుగు గిన్నె మీద పక్కవాళ్ళ పేరుంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఇక మాట్లాడను.

నాలుగు_బొంతలు

మూడు వారాలైంది, అప్‌డేట్ పెట్టకపోతే బావుండదని వచ్చాను.

పిగ్మెంట్ పెన్ను కొన్నాను, పేస్టింగ్ వేసి రాసిన ముక్కను ఆరుసార్లు మిషన్‌లో వేశాను, మా ఇంట్లో బోరు నీళ్ళు, వాటి ఉప్పుకు తువ్వాళ్ళే అట్టలవుతాయి, అయినా అక్షరాలు కొంచెం లేతబడ్డాయి గానీ పాకలేదు. దాన్ని వెనక్కి పెట్టుకున్నాను, ఉతికే పద్ధతి రాసే చిన్న ముక్కలకు వాడతాను. పేర్లు మాత్రం గొలుసు కుట్టు గారు చెప్పినట్టు దారంతోనే.

అమ్మమ్మ చేతిరాత దొరికింది. ఆవకాయ కొలతల కాగితం మీద కాదు, పాత పోస్టాఫీసు పాస్‌బుక్‌లో సంతకం. క్ష్మిని ఆవిడ అసలు క్ష్మిలా రాయనేలేదు, ఒక గీత లాగి కింద సున్నా చుట్టేసింది, నలభై ఏళ్ళు పోస్టాఫీసువాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. జిరాక్స్ షాపులో మూడింతలు చేయించి, పసుపు కార్బన్‌తో దించి, రెండు పోగులతో కాడ కుట్టు వేశాను. వత్తుల బాధే లేదు. అమ్మ ఆ ముక్కను ఎదురుగా పెట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇదేంటి, సంతకంలో ఇంటిపేరు వదిలేసేదా" అంది.

మూల పట్టీ తలవైపే వేశాం, నారాయణపేట అంచు కిందకి పోనిచ్చి. మొదటి బొంతకు అప్పటికే అంచు పడిపోయింది కాబట్టి దానికి మామూలు హెమ్మింగ్ పట్టీ, అది మా తమ్ముడికి పోతుంది, వాడు ఎలాగూ గమనించడు.

ఇక కుట్టినావిడ. మామ్మగారు చెప్పినట్టు వెళ్ళి అడిగాను. ముందు నవ్వింది. నా పేరు దేనికమ్మా అంది. రెండోరోజు తనే వచ్చి, ఆధార్ కార్డులో ఉన్న పేరు వద్దు, దాన్ని ఎవరూ పిలవరు, అందరూ పిలిచే పేరే పెట్టు అంది. సరే అని కుట్టి చూపించాను. ఆవిడకు చదవడం రాదు, అక్షరాల మీద వేలు పెట్టి ఏది ఏదో చెప్పించుకుంది. అంతా విని, "పేరొక్కటే చూసి ఎవరైనా నన్నెట్ల పట్టుకుంటారు, ఫోన్ నంబర్ కూడా కుట్టు, పని వస్తది" అంది.

కాదనడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు. పది అంకెలు, కాడ కుట్టు, ఒక్కో పట్టీకి ఒక సాయంత్రం. రెండు అయ్యాయి. మూడోది నిన్న రాత్రి పూర్తిచేసి ఫోన్‌తో సరిచూసుకుంటే ఏడో అంకె తలకిందులైంది, 6 కావాల్సినచోట 9 కూర్చుంది. కూర్చుని విప్పుతున్నాను.

గొలుసు కుట్టు గారూ, విప్పినచోట పసుపు కార్బన్ గీత ఇంకా కనపడుతోంది, ఇప్పుడే ఉతకనా, లేక మళ్ళీ కుట్టాక ఉతకనా?

గొలుసు_కుట్టు, సఫిల్‌గూడ

కుట్టాకే. ఇస్త్రీ మాత్రం ఉతక్కముందు పెట్టకండి, కార్బన్ గీత అలాగే ఉండిపోతుంది.